వన్స్‌మోర్ జంపయ్య

ఏన్కూరు జంపయ్య రాముడి వేషం కడితే, ఆ రాముడికి ఒకే ఒక్క విషయంలో కోపం వచ్చేది. పద్యం అయిపోయాక జనంలోంచి "వన్స్‌మోర్" రావాలి. రాకపోతే సీతను రావణుడు ఎత్తుకుపోయినప్పటి కంటే ఎక్కువ బాధపడేవాడు. అసలు సీత పోయిందని రాముడు అడవిలో ఏడ్చే పద్యమే ఆయన ఆస్తి. దాని చివర రాగం అందుకుని, సత్తుపల్లి పాసింజరు బస్సులా ప్రతి మలుపులో ఆపుకుంటూ, మళ్ళీ ఎత్తుకుంటూ తెచ్చి దించేవాడు. అప్పుడు జనంలోంచి ఆ మాట వినపడేది. జంపయ్య కళ్ళు తుడుచుకుని, ఇంత మొహం చేసుకుని నవ్వి, హార్మోనియం వైపు తల ఊపి, మళ్ళీ మొదటినుంచి ఏడ్చేవాడు.

ఆ మాట అనే గొంతు ఎవరిదో దాచేదేముంది, ఆయన బామ్మర్ది బొజ్జయ్యది. పాతికేళ్ళుగా బొజ్జయ్య నాటకం సామాను కంటే ముందే ఊళ్ళోకి చేరి, ఎవరో దారినపోయేవాడిలా జనం మధ్య చతికిలబడేవాడు. సమయం చూసి అరిచేవాడు. ఒకడు అరిస్తే పదిమంది అందుకుంటారు, జనం సంగతి తెలిసిందే కదా. ఈ సేవకు మర్నాడు అక్క చేతి కోడికూర. నాటకం రోజున రాముడు నీచు ముట్టకూడదు గనుక కూర మర్నాటికి వాయిదా పడేది. బీడీకి మాత్రం ఆ నియమం వర్తించదని జంపయ్య తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

పైకి ఇంత దర్జా ఉన్నా లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. తన పాట జనానికి నచ్చే అడుగుతున్నారా, లేక బొజ్జయ్య అడిగాడని అడుగుతున్నారా? బొజ్జయ్యను ఒక్కరోజు ఇంట్లో కూర్చోబెడితే తేలిపోయే సంగతే. ఆ ధైర్యం మాత్రం జంపయ్యకు ఎన్నడూ లేకపోయింది.

ఇదిలా ఉండగా లక్ష్మణుడికి రాముడు కావాలనే కోరిక పుట్టింది. లక్ష్మణుడంటే సతీష్, పగలు మోటార్లు బాగుచేసే కుర్రాడు, గొంతు గంటలా మోగుతుంది. ఒకరోజు రిహార్సల్లో ఉండబట్టలేక అడిగేశాడు.

"మావా, ఇంకెన్నేండ్లు నీ ఎనక విల్లు పట్టుకొని నిలబడాలె? నాకు గూడ ఒక్కపారి కిరీటం పెట్టు."

జంపయ్యకు ఒళ్ళు మండిపోయింది. "వన్స్‌మోర్ రాని దినం ఈ కిరీటం నేనే తీసి నీ నెత్తిన పెడ్త. భద్రాద్రి రామయ్య మీద ఒట్టు."

హార్మోనియం వెంకటరామారావు పంతులు చెవులారా విన్నాడు. ఆయన ముందు వేసిన ఒట్టుకు తిరుగులేదు. జంపయ్య కూడా దిగులు పడలేదు, బొజ్జయ్య గట్టిగా ఉన్నాడు కదా.

రెండువేల ఆరు ఎండాకాలంలో చర్ల దాటి, అడవి లోపలి ఊరొకటి నాటకానికి పిలిచింది. రోడ్డు సగంలోనే ఆగిపోయింది, మిగతా సగం ట్రాక్టరు మీద వెళ్ళారు. దీపాలు పెట్టే వేళకల్లా ముగించాలని పోలీసు క్యాంపు వాళ్ళు గట్టిగా చెప్పారు. అందువల్ల రాముడు మిట్టమధ్యాహ్నం దాటగానే రంగం మీదికి రావలసి వచ్చింది. తెర లేదు, లైట్లు లేవు. చెమటకు జంపయ్య మొహం మీది నీలం రంగు మెడ మీదుగా జారి పంచెకు అంటుకుంది. సీత వేషం వేసే పుష్పలత దాక్కోవడానికి చోటు లేక, రావణుడు ఎత్తుకుపోయిన తర్వాత ట్రాక్టరు ట్రాలీ వెనక కూర్చుంది.

బొజ్జయ్య తెల్లారకముందే చేరుకున్నాడు. ఆ ఊరివాళ్ళు అతిథి అని ఇప్పసారా పోశారు. మర్యాద కాదనలేక తాగాడు, ఇంకో మర్యాద వస్తే అదీ తాగాడు. నాటకం మొదలయ్యేసరికి ట్రాక్టరు నీడలో హాయిగా గురక పెడుతున్నాడు. జంపయ్యకు ఈ సంగతి పద్యం ఎత్తుకున్నాక తెలిసింది. చూపు జనమంతా తిరిగొచ్చింది, బామ్మర్ది జాడ మాత్రం లేదు. ఆ భయంలో గొంతు వణికింది, ఎన్నడూ లేనిది రాగం తిప్పులు మరిచి తిన్నగా పోయింది. నిజంగానే ఎవరో పోయినవాడిలా పాడి, దించాడు.

చప్పట్లు లేవు, ఈల లేదు. ముందు వరసలో ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక సతీష్ విల్లు కింద ఆనించిన చప్పుడు జంపయ్యకు వినపడింది. కిరీటం నెత్తిమీద బండరాయిలా బరువెక్కింది.

అంతలో చిన్నక్క అనే ముసలావిడ లేచింది. పోడు చేసి, బీడీ ఆకు కోసి మొద్దుబారిన చేతుల్లో నీళ్ళ చెంబు. తిన్నగా రంగం మీదికి వచ్చి రాముడి ముందు నిలబడింది.

"తాగు బిడ్డా. గంతసేపు ఏడిస్తివి, గొంతెండలేదా?"

సరిగ్గా అప్పుడే బొజ్జయ్యకు మెలకువ వచ్చింది. చూస్తే పద్యం అయిపోయింది, అంతా నిశ్శబ్దం. పాతికేళ్ళ ఉద్యోగం గుర్తొచ్చి, తూలుతూ లేచి, ఉన్న బలమంతా పెట్టి "వన్స్‌మోర్" అని అరిచాడు.

చిన్నక్క వెనక్కి తిరిగింది. "ఎవడ్రా వాడు? ఏమంటున్నడు?"

"మళ్ళ పాడుమంటున్నడు అవ్వా," అని ఎవరో చెప్పారు.

"పెండ్లాం పోయిందని మనిషి ఏడుస్తుంటే మళ్ళ ఏడువుమంటవా? నీ ఇంట్ల ఎవరన్న పోతే గట్లనే అంటవా?"

బొజ్జయ్య కంగారుపడ్డాడు. "అవ్వా, ఇది నాటకం."

"నాటకమని నాకు తెల్వదా? ఆ పిల్ల ట్రాలీ ఎనక కూసొని పల్లీలు తింటున్నది, మొదటికెల్లి చూస్తనే ఉన్న. అయినా ఈయన ఏడుస్తుంటే కూసోబుద్ధి గాక నీళ్ళు తెచ్చిన. పర్ణశాల మాకు పక్కనే ఉన్నది. ఆమె మా అడవిల పోయింది. చెడ్డమాట మాకొస్తదా, రాదా?"

పుష్పలత పల్లీలు గబగబా కొంగులో దాచేసింది.

జంపయ్య చెంబు అందుకుని తాగాడు. ఒట్టు ప్రకారం వన్స్‌మోర్ వచ్చేసింది, మళ్ళీ పాడితే కిరీటం నిలుస్తుంది. పంతులు వేళ్ళు అప్పటికే మొదటి స్వరం మీద ఉన్నాయి. కానీ ఆ నీళ్ళు గొంతు దిగుతుంటే జంపయ్యకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు రాముడి బట్టలు కట్టాడు తప్ప రాముడి బాధ ఒక్కనాడూ పడలేదు. పోయిన మనిషి కోసం రాముడు ఒకసారి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని వెతకడానికి నడిచాడు. తానేమో ప్రతి ఊళ్ళో సీతను అక్కడే వదిలేసి వెనక్కి వచ్చి పాడుతున్నాడు. సిగ్గుతో, భక్తితో ఆయన చిన్నక్కకు చేతులెత్తి దండం పెట్టాడు. పంతులు వైపు తల అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు.

నాటకం అయ్యాక ట్రాలీ పక్కన కిరీటం తీసి సతీష్ ముందు పెట్టాడు.

"వన్స్‌మోర్ వచ్చింది గద మావా?"

"అది మా బామ్మర్దిది. ఎప్పుడూ వానిదే."

"గా సంగతి తెల్వనిదెవరికి? పంతులుకు తెలుసు, ట్రాక్టరు డ్రైవరుకు గూడ తెలుసు." సతీష్ కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెట్టెలో పెట్టేశాడు. "ఇగ వచ్చే వేంసూరు నాటకంల గూడ నువ్వే కట్టు. ఇయ్యాల నీ ఎనక నిలబడితే నాకు ఏడుపొచ్చింది. ముందుగాల గా ఏడుపు ఎట్లొస్తదో నేర్చుకోవాలె."

వేంసూరుకు బొజ్జయ్య నోటికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు, అరవనని బావ ముందు ఒట్టేసి మరీ. ఆ రోజు జంపయ్య పద్యం దించాడో లేదో, జనం మొత్తం ఒక్క గొంతుతో "వన్స్‌మోర్" అని లేచింది. పాతికేళ్ళ ముల్లు ఆ క్షణాన ఊడిపోయింది. నిజంగానే అడుగుతున్నారు. జంపయ్య పెదవుల మీదికి పాత నవ్వు వచ్చి, ఆగి, వెనక్కి పోయింది.

"లక్ష్మణా, పద," అని ముందుకు అడుగేశాడు.

జనం ఒప్పుకోలేదు, ఇంకా గట్టిగా అరిచారు. అప్పుడు వాళ్ళ మధ్యనుంచి బొజ్జయ్య లేచి నోటి తువ్వాలు ఊడదీశాడు.

"కూసోండ్రి. సీతమ్మ ఇంకా దొరకనే లేదు. ఆయనను పోనియ్యుండ్రి."

మర్నాడు అలవాటు కొద్దీ విస్తరి ముందు కూర్చున్న తమ్ముడిని చూసి అక్క గరిటె ఆపింది. "నిన్న నువ్వు అరవనే లేదంట గద, కూరెందుకు?"

పక్కనే తింటున్న జంపయ్య అందుకున్నాడు.

"వెయ్యి. పాతికేండ్లల్ల నిన్ననే పని చేసిండు. కాలు ముక్క వెయ్యి."