ఖాళీగా తిరిగిరాని డబ్బా

"ఇంకో ఏడు కాయలు కోశాను, శనివారానికి పనికొస్తాయి," అంటూ మా వారు గుమ్మడికాయల్ని వంటింటి గడప లోపల వరసగా దింపారు. మట్టి కాళ్ళతో లోపలికి రాకూడదని తెలుసు కాబట్టి ఆయన గడప దగ్గరే ఆగిపోయారు. ఆయన పని అక్కడితో అయిపోయింది. నాది అక్కణ్ణించి మొదలైంది.

మా వారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ స్థలాలు కొలిచారు. రిటైరయ్యాక పెరడు కొలవడం మొదలుపెట్టారు. పాదుకీ పాదుకీ మధ్య ఎంత దూరం ఉండాలో టేపు పెట్టి చూస్తారు. వానలు వెనకబట్టి చలి మొదలవబోయే ఈ రోజుల్లో మా పెరడు చూడ్డానికి చుట్టుపక్కల వాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళకి నేను కేకు కోసి పెడతాను. "ఎలా ఉంది? మా తోటలోదే," అంటారు ఆయన. వాళ్ళు కాయని మెచ్చుకుంటారు, ఎరువుని మెచ్చుకుంటారు, ఆయన ఓపికని మెచ్చుకుంటారు. కాయ ఆయన సృష్టీ కాదు, నా సృష్టీ కాదు, దేవుడిది. అందుకని నాకు కోపం రాకూడదనే అనుకుంటాను. కానీ ఆ కాయ తొక్క తీయడానికి మాత్రం దేవుడు రాడు, ఆయనా రారు. గుమ్మడి తొక్క రాయిలా ఉంటుంది. చాకు జారి నా ఎడమ బొటనవేలి మీద పడిన గాటు మూడేళ్ళయినా తెల్లగా అలాగే ఉంది. తొక్క తీసి, తురిమి, గుడ్డలో వేసి నీళ్ళు పిండి, గుడ్లు గిలక్కొట్టి, దాల్చినచెక్క పొడి కలిపి, ఓవెన్లో పెట్టాలి. మా ఓవెన్ ఎడమవైపు మాడుస్తుంది కాబట్టి సగంలో తీసి పళ్ళెం తిప్పాలి. ఆ మాడిన అంచు కోసి నేను తింటాను. మిగిలింది డబ్బాలోకి వెళ్తుంది.

ఆ డబ్బా గురించి చెప్పాలి. నీలం మూత ఉన్న రేకు డబ్బా. పంతొమ్మిదేళ్ళ కిందట మా ఆడపడుచు ఊరికి ఆ చివర ఇల్లు మారినప్పుడు దాంట్లో కేకు పెట్టి తీసుకెళ్ళాను. ఆమె మా వారికి ఒక్కగానొక్క చెల్లెలు. యాభై దాటినా, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసినా, ఈ ఇంట్లో ఆమె పేరు పాపే. పాప పదిహేను రోజుల తర్వాత అదే డబ్బా నిండా బిస్కట్లు చేసి పట్టుకొచ్చింది. అప్పట్లో మా అత్తగారు ఉన్నారు. డబ్బా కడిగి పక్కన పెడుతున్న నన్ను చూసి, "ఖాళీగా పంపకమ్మా, ఇంటి పరువు అందులో ఉంటుంది," అన్నారు. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది. డబ్బా మాత్రం ఒక్కసారీ ఖాళీగా దారి నడవలేదు. నెలలో ఒక శనివారం నేను వెళ్ళాలి, ఇంకో శనివారం ఆమె రావాలి. రెండు బస్సులు మారాలి.

మధ్యలో ఫోన్లు. "ఈసారి ఎలా పొంగింది వదినా?" అంటుంది. "మీ టమాటాలు ఎర్రబడ్డాయా?" అంటాను. ఆ తర్వాత బస్సు కబుర్లు. ఒకసారి నా గొడుగు గాలికి తిరగబడి ఎవరో పెద్దాయన టోపీ లాక్కుపోయిన సంగతి పాప ఇప్పటికీ అడిగి చెప్పించుకుంటుంది. చెప్పుల్లో నీళ్ళు, చీర కుచ్చిళ్ళ నిండా బురద, ఒళ్ళో డబ్బా, అన్నీ నవ్వుకునే మాటలే. చెప్పేటప్పుడు నేనూ నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక మోకాళ్ళకి నూనె రాసుకుంటాను.

ఈ రెండేళ్ళుగా పాప ఆపిల్ కేకు తెస్తోంది. అంతకు ముందు ఆమె చేసినవి ఒకసారి కుదిరేవి, ఒకసారి కుదిరేవి కావు. ఇప్పుడు ముక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకే మందం, ఎక్కడా మాడిన మచ్చ ఉండదు. "చూడు, దూదిలా ఉంది," అంటారు మా వారు రెండో ముక్క తీసుకుంటూ. "నీది కాస్త గట్టిపడుతుంది, ఏమనుకోకు. వెళ్ళినప్పుడు అడిగి నేర్చుకోరాదూ?" అడిగాను కూడా. "ఏముంది వదినా, మామూలే," అని పాప చప్పున వానల కబుర్లలోకి వెళ్ళిపోయింది. దాస్తోంది అనుకున్నాను. మనసు చివుక్కుమంది. పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు, ఈ అసూయ తీసెయ్యి తండ్రీ అని అడగబోయి, ఇంత పెద్ద లోకంలో కేకు గురించి మొరపెట్టుకుంటున్నానని సిగ్గేసి లేచిపోయాను.

ఒకసారి మోకాళ్ళు వాచినప్పుడు, ఈ నెలకి మానేస్తానని చెప్పాను. "డబ్బా మన దగ్గరే ఉంచేసుకుంటామా? పాప ఏమనుకుంటుంది?" అన్నారు మా వారు. పోనీ మీరు వెళ్ళండి అన్నాను. "నాకు బస్సు పడదు కదా," అన్నారు, నాకు పడుతుందని ఎవరో రాసిచ్చినట్టు. ఆ డబ్బా చక్రం ఆపాలని నాకు ఎన్నాళ్ళ నుంచో ఉంది. కానీ ఆపినది నేనే అవుతాను. మొదట అలిసిపోయినదాన్ని నేనే అవుతాను. మెత్తగా చేసేది ఆమె, చేతకాక మానేసింది నేను. ఆ మాట ఈ ఇంట్లో మిగిలిపోతుంది.

ఈసారి ఆ ఏడు కాయల్లో ఒకదానితో కేకు చేశాను. ఆ శనివారం తెల్లవారింది మొదలు కుండపోతగా వాన. "తగ్గుతుందిలే," అని మా వారు గొడుగు తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు. తగ్గలేదు. రెండో బస్సు రైలు వంతెన కిందికి దిగి, నీళ్ళలో రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. "ఎవరూ దిగకండి, నీళ్ళు మోకాళ్ళ పైకున్నాయి," అన్నాడు డ్రైవరు. ఫోన్లు చేశాడు. ఇంకో బండి వస్తుందన్నారు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. కిటికీ సందుల్లోంచి జల్లు లోపలికి కొడుతోంది. మేం తొమ్మిది మందిమి. నా పక్క సీట్లో ఒక నర్సు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తోంది. నిన్నటి నుంచి ఏమీ తినలేదని మాటల్లో చెప్పింది. వెనక సీట్లో ఒకావిడ కూతురు ఆకలని సన్నగా సాగదీస్తూ ఏడుస్తోంది. నర్సు నా ఒళ్ళోకి చూసి చూపు తిప్పుకుంది. మూత బిగించి ఉన్నా దాల్చినచెక్క వాసన దాగదు కదా.

నేను డబ్బాని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఇది పాపది, పాప వాళ్ళింటిది, మా ఇంటి పరువు. నా పక్కన ఒక మనిషి నిన్నటి నుంచి ఏమీ తినలేదు. పెట్టడం పుణ్యమని చిన్నప్పటి నుంచి విన్నాను, నా పిల్లలకీ చెప్పాను. పంతొమ్మిదేళ్ళు పెడుతూనే ఉన్నాను. కానీ వాళ్ళింట్లో ఆ కేకు కోసం ఆకలితో ఎదురుచూసినవాళ్ళు ఎవరున్నారు? నేను పెట్టింది ఆకలికా, పేరుకా? దేవుణ్ణి అడిగితే ఆయన ఏమనేవాడో తెలియదు. వెనకాల పిల్ల మాత్రం ఇంకాస్త గట్టిగా ఏడ్చింది. మూత తీశాను.

చాకు లేదు. చేత్తోనే తుంచి కాగితంలో పెట్టి అందించాను. డ్రైవరు స్టీరింగు వదలకుండా ఒక చెయ్యి వెనక్కి చాపాడు. ఏడ్చే పిల్ల రెండు ముక్కలు తిని మూడోది అడిగింది. "ఎవరు చేశారండీ?" అంది నర్సు నోటి నిండా కేకుతో. 'మా వారి తోటలో...' అని నోటి దాకా వచ్చింది. ఆగాను. "నేను చేశాను," అన్నాను. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదని అప్పుడు తెలిసింది.

"మరి మీరు తినలేదే?" అందామె. ఆఖరి ముక్క నా చేతిలో పెట్టింది. మాడిన అంచు కాదు, నట్టనడిమి ముక్క. తిన్నాను. అది దూదిలా లేదు. తడిగా, బరువుగా, పళ్ళకి కాస్త పని చెప్పేలా ఉంది. గుమ్మడికాయ కేకు అలాగే ఉండాలి.

ఇంకో బండి వచ్చి మమ్మల్ని దాటించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పాప వాళ్ళ వీధి మొదట్లో దిగాక ఖాళీ డబ్బా గుర్తొచ్చి ఆగిపోయాను. అంత దూరం వెళ్ళి ఖాళీ డబ్బా ఇవ్వడమా? మలుపులో ఒక బేకరీ ఉంది. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. తడిసిన చీరతో వెళ్ళి డబ్బా బల్ల మీద పెట్టాను. ఇంకా నోరు విప్పకముందే కౌంటర్లో ఉన్నావిడ మూత చూసి నవ్వింది.

"ఈ డబ్బా మాకు తెలుసులెండి. ఆపిల్ కేకే కదా? ఎప్పటిలాగే స్టిక్కరు తీసేసి సర్దనా?"

అద్దం వెనక వరసగా ఉన్నాయి. ఒకే ఎత్తు, ఒకే మందం, ఎక్కడా మాడిన మచ్చ లేదు. దూదిలా ఉన్నాయి. రెండేళ్ళుగా నేను ఓడిపోతున్నది ఎవరి చేతిలోనో నాకు అప్పుడు అర్థమైంది. మొదట నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్తే మా వారి ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను, ఆ ఊహ ఆ కేకుల కంటే తియ్యగా ఉంది. తర్వాత, స్టిక్కర్లు పీకించి, ఈ వానలో ఈ బరువు మోసుకుని రెండు బస్సులు మారుతూ వచ్చే పాప కళ్ళ ముందు కనిపించింది. ఆమె కూడా నా వయసుదే. నాలాగే ఏదో భయంతో డబ్బా నింపుతోంది.

"వద్దులెండి," అన్నాను. "ఇవాళ ఖాళీగానే తీసుకెళ్తాను."

పాప తలుపు తీసి, నా అవతారం చూసి, తువ్వాలు కోసం పరిగెత్తింది. టీ పెట్టింది. నేను డబ్బా టేబుల్ మీద పెట్టి మూత తీసి పక్కన ఉంచాను. అడుగున నాలుగు పొడి రేణువులున్నాయి. పాప దాని లోపలికి చూసింది. బస్సులో తొమ్మిది మందిమి తినేశామని చెప్పాను.

"అంతా తినేశారా?" అంది.

"అంతా. నేను కూడా తిన్నాను."

పాప కుర్చీలో కూలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను, కళ్ళు చూస్తే కాదు. "అయితే ఈసారి నేనేం నింపాలో ఆలోచించక్కర్లేదా వదినా?" అంది. ఆ తర్వాత మాటలు ఆగలేదు. రెండేళ్ళ కిందట వానలకి గోడ చెమ్మ దిగి ఓవెన్ పాడైపోయిందట. ఇద్దరికీ ఇప్పుడు కొత్తదెందుకు అన్నాడట వాళ్ళాయన. ఇక చెయ్యలేనని మాకు చెప్పేస్తానంటే, ఆయన అన్న మాట పాప అచ్చం ఆయన గొంతుతోనే అని చూపించింది. "మీ వదిన్ని చూడు. ఆ మోకాళ్ళతో, ఆ వానలో, రెండు బస్సులు మారి మోసుకొస్తుంది. నీకు ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి చెయ్యడానికి బద్ధకం."

టీ కప్పు కింద పెట్టేశాను. మా ఇంట్లో నన్ను కొట్టడానికి పాపని కర్రగా వాడతారని తెలుసు. ఇక్కడ పాపని కొట్టడానికి నేనే కర్రనని ఇన్నాళ్ళూ తెలియదు.

"నేనూ ఆ మలుపు బేకరీలోకి వెళ్ళాను పాపా," అన్నాను. "ఆవిడ డబ్బాని గుర్తుపట్టింది."

పాప ముఖం పాలిపోయింది. నా ముఖంలోకి వెతుక్కుంటూ చూసింది. అక్కడ ఏం కనిపించిందో, పక్కున నవ్వేసింది. నేనూ నవ్వాను. ఫోన్లో నవ్వే నవ్వు కాదది, పక్కటెముకలు నొప్పి పుట్టే నవ్వు. ఆ సాయంత్రం మేం కేకుల గురించి మాట్లాడుకోలేదు. తన కళ్ళ శుక్లాల సంగతి చెప్పింది. శనివారాల్లో నేను మానేసిన భజన గురించి చెప్పాను. పంతొమ్మిదేళ్ళ స్నేహంలో ఒకళ్ళ గురించి ఒకళ్ళం ఎంత తక్కువ తెలుసుకున్నామో చూసి ఇద్దరికీ ఆశ్చర్యం వేసింది. వెళ్ళేటప్పుడు పాప అలవాటుగా చుట్టూ చూసింది, డబ్బాలో పెట్టడానికి ఏమైనా ఉందా అని. వద్దన్నాను. తేలికైన డబ్బా చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వంటింట్లో గడప లోపల మిగిలిన ఆరు గుమ్మడికాయలు పొద్దున్న ఉన్నచోటే ఉన్నాయి. "ఎంత వానో! పాప ఏం పంపింది?" అంటూ మా వారు డబ్బా అందుకుని మూత తీశారు. తిరగేసి కూడా చూశారు.

"ఏమీ పంపలేదు," అన్నాను. "ఇక పంపదు. నేనూ తీసుకెళ్ళను. ఊరికే వెళ్ళి వస్తాం."

"అయ్యో, ఆ మెత్తదనం ఎక్కడ దొరుకుతుంది మళ్ళీ?" అన్నారు. జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. అది నా ఒక్కదాని జవాబు కాదు కాబట్టి మింగేశాను. డబ్బా ఆయన చేతిలోనే ఉంచి, విత్తనాలు దాచుకోవడానికి బాగుంటుందని చెప్పాను. ఆయన దాన్నీ, నేల మీది కాయల్నీ మార్చి మార్చి చూశారు.

"మరి ఈ ఆరూ?"

తడిసిన చెప్పులు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చాకు రెండో అరలో ఉంది," అన్నాను. "తొక్క గట్టిగా ఉంటుంది. బొటనవేలు జాగ్రత్త."