సుంకమ్మవ్వ ఇచ్చిన దూరాలు

పొద్దున సంగటి తిని సుంకమ్మవ్వ మిద్దె ఎక్కుతుంది. పిట్టగోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఆదోని దిక్కు చూస్తుంది. ఎమ్మిగనూరులో ఆ వీధివాళ్ళకు అదే గడియారం.

"అవ్వా, రైలొచ్చినాదా?" అని కింద నుంచి ఎవరో ఒకరు అడుగుతారు.

"ఇప్పుడే వచ్చె. నీ మొగుడు దిగి టీ అంగడి కాడ నిలబడుకున్నాడు. నిదానంగా వంట చేసుకోపో."

"టీనేనా తాగేది?"

"నా నోట ఎందుకు చెప్పిస్తావులే."

ఆదోని యార్డులో పత్తి బండ్లు ఎంత దూరం నిలిచాయో, మంత్రాలయం కాడ ఏట్లోకి నీళ్ళు ఎంత వచ్చాయో, అన్నీ ఆమెకు అక్కడి నుంచే కనపడతాయి. కొందరికి మోకాళ్ళ నొప్పులు ఉంటాయి, కొందరికి బట్టతల ఉంటుంది, సుంకమ్మవ్వకు దూరం కనపడుతుంది. సూదిలో దారం మాత్రం ఎక్కించలేదు.

జొన్నగిరి దిక్కు చూసినప్పుడు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పదు. అక్కడ కూతురు అరుణ ఉంది. ఇంట్లో చెప్పకుండా జోయల్‌ను పెండ్లి చేసుకుని పోయింది. ఆ ఇంటి గడప తొక్కనని కొడుకు నాగేంద్ర ఈరన్నస్వామి మీద ఒట్టు వేసి, తల్లి చేత కూడా వేయించాడు. గడప తొక్కొద్దన్నాడు గానీ చూడొద్దని అనలేదు కదా. మధ్యాహ్నం కూతురు తిన్నదో లేదో చూసుకున్నాకనే అవ్వ కిందికి దిగి ముద్ద నోట పెట్టుకునేది.

కింద మగ్గం ఇల్లు. వేడిగాలి తగిలితే పడుగు ఎండి పోగులు తెగుతాయని నాగేంద్ర కిటికీలు తెరవనీయడు. ఆ మసక చీకట్లోనే మనవరాలు కుంద పెరిగింది. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఉరుకుందమ్మ అని పేరు పెట్టారు, పిలిచేది కుంద. బడికి పోకముందే పోగులు అతకడం నేర్చింది. వెంట్రుకంత పోగు తెగినా పడుగు మీద ముక్కు ఆనించి పట్టేస్తుంది. పని లేనప్పుడు అదే మూలలో ఫోను ముఖానికి అతికించుకుని కూర్చుంటుంది.

"నా బిడ్డవి గద్ద కండ్లు. అంతా మాయమ్మ పోలికే" అనేవాడు నాగేంద్ర.

అవ్వ పొంగిపోయేది. పాప ఎప్పుడన్నా మెట్లెక్కి వస్తే తనే దించేసేది. "ఎండకు నల్లబడితే రేపు నిన్ను ఎవరే చేసుకునేది? పో, మీ నాయన కాడ కూర్చో పో."

బడిలో అయ్యవారు, బోర్డు మీదిది రాయదు, మొద్దు అన్నాడు. పాప తల్లి హేమ ఆ మాట పట్టించుకోలేదు. ఒకరోజు హేమ వీధి అవతల నిలబడి చెయ్యి ఊపితే, పాప నేరుగా పోయి పక్కింటామె కొంగు పట్టుకుని "అమ్మా" అంది. తెల్లారి మొగుడూ పెండ్లాం పాపను ఆదోనికి తీసుకుపోయారు.

"ఈ పాపకు దూరం ఆనదు. అద్దాల నంబరు ఇప్పటికే ఎక్కువుంది" అంది కంటి డాక్టరమ్మ.

"సన్నపోగులు అతుకుతాది కదమ్మా?" అంది హేమ.

"అవి కనపడతాయి. అవే కనపడతాయమ్మా." డాక్టరమ్మ నాగేంద్ర వైపు తిరిగింది. "నువ్వు చదువప్పా, ఆ గోడ మీది అక్షరాలు."

నాగేంద్ర కండ్లు చికిలించి గోడను చూశాడు. "ఏ అక్షరాలు మేడం?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చేది ఎక్కువ, దానికి తోడు చీకటి గది, పొద్దంతా దగ్గరి పని అంది. అద్దాలు పెట్టమంది. రోజూ బయట వెలుతురులో తిరగనీయమంది. "వచ్చింది పోదు. పెరగకుండా చూసుకోవాల. ఇట్లే పెరిగితే పెద్దయినాక కంటి లోపలి పొర చిరగొచ్చు. ఉన్న చూపు కూడా పోవచ్చు."

హేమ కొంగుతో ముఖం తుడుచుకోవడం అవ్వ మిద్దె మీది నుంచి చూసింది. ఆదోనిలో కోడలి కంట్లో నీళ్ళు కనపడ్డాయి గానీ, ఇంట్లో మనవరాలి కండ్లు ఆమెకు కనపడలేదు. ఆ మధ్యాహ్నం అవ్వ కిందికి దిగలేదు.

పాపకు అద్దాలు వచ్చాయి. నాగేంద్రకూ వచ్చాయి. వీధిలో నిలబడి ఆదోని దిక్కు చూసి, "ఆడ కొండ ఉండేది నిజమే" అన్నాడు, అంతే. కిటికీలు తెరిచాడు. తెగిన పోగులు తనే అతుక్కున్నాడు. కానీ పాప బయట నిలవదు. పిల్లోళ్ళు "సోడాబుడ్డీ" అంటారని మళ్ళీ మూలకు చేరి ఫోను పట్టుకునేది. వేసవికి నంబరు ఇంకా పెరిగింది.

అప్పుడు అవ్వ పాపను మిద్దె మీదికి పిలిచింది.

"ఏముందవ్వా ఈడ?" అంది కుంద.

"చూడు, ఆదోని టేసను. రైలొచ్చింది. ఒకామె మల్లెపూల గంప దించుకుంటాంది."

కుంద అద్దాలు సర్దుకుని చూసింది. "గంప మీద పచ్చ గుడ్డ కప్పినాది" అంది.

మరునాడు కింద నుంచి ఎవరో రైలు సంగతి అడిగారు. "నాకు కనపడల్యా. రైలు పాపకు ఇచ్చేసినా, దాన్నడుగు" అంది అవ్వ.

"పాపా, రైలొచ్చినాదా?" అని వాళ్ళు పాపను అడిగారు.

అట్లా ఏది చెబితే అది అవ్వ కండ్లలోంచి పోయి పాపకు వచ్చేది. పత్తి యార్డు పోయింది. ఏరు పోయింది. అద్దాలు అద్దాలుగానే ఉన్నాయి, పాప మాత్రం మిద్దె వదల్లేదు. ఎండకు నల్లబడింది. నంబరు నెమ్మదించింది గానీ ఇంకా ఆగలేదంది డాక్టరమ్మ. అవ్వకు మిగిలింది జొన్నగిరి ఒక్కటే.

"ఇంగేమన్నా చెప్పవ్వా. చూసినవే చూడాలంటే నేను కిందికి పోయి ఫోను చూసుకుంటా" అంది ఒకరోజు కుంద, మెట్ల మీద కాలు పెట్టి.

అవ్వ జొన్నగిరి దిక్కు చాలాసేపు చూసింది. కూతురి నుదురు, మెడ, చేతుల గాజులు, ఒక్కొక్కటీ చూసుకుంది.

"రా, ఈడ కూర్చో. అదో, జొన్నగిరి. వాన పడింది. చేలో జనం వంగి వజ్రాలు ఎతుకుతాండారు. అందరికంటే ఎనక, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందే, అది మీ అత్త."

"కనపడిందవ్వా. కడుపుతో ఉంది."

"ఊ" అంది అవ్వ. చేను మసకబారి, ఆకాశంలో కలిసిపోయింది.

తర్వాత చూపించినప్పుడు నంబరు ఆగిందన్నారు. కుందకు ధైర్యం వచ్చింది, వీధిలో జతగాళ్ళు కుదిరారు. సోడాబుడ్డి అన్నవాడితో, నీ మామ ఆదోని బస్సులో ఎవరి పక్కన కూర్చున్నాడో చెప్పమంటావా అంటే వాడు మళ్ళీ అనలేదు.

రోజూ సాయంత్రం అవ్వ అడుగుతుంది. "ఏం జేస్తాందే మీ అత్త?"

"బట్టలు ఆరేస్తాంది."

"తిన్నాదా?"

"ఏమో అవ్వా, గిన్నెలు కడుగుతాంది."

ఒకరోజు కుంద పిట్టగోడ మీదికి వంగి చూసి, "అత్త కనపడల్యా. తలుపు మూసినారు. వాకిట్లో శానామంది ఆడోళ్ళు నిలబడుండారు" అంది.

అవ్వ లేచి నిలబడింది. "సరిగ్గా చూడు తల్లీ. ఎవరన్నా నవ్వుతాండారా? ఏడుస్తాండారా?"

కింద నుంచి పిల్లలు కేకేశారు. "కుందా, రాయే, నీదే వంతు."

కుంద మెట్లు దిగి ఉరికింది. "కుందా" అని అవ్వ ఒకసారి పిలిచింది. పాప అప్పటికే వీధిలో ఎండలో గెంతుతోంది. తల ఎత్తలేదు.

అవ్వ మళ్ళీ పిలవలేదు. జొన్నగిరి దిక్కుకు తిరిగి కూర్చుంది.

కాసేపటికి నాగేంద్ర మెట్ల కాడ నిలబడి, "బువ్వ తిందువు రామ్మా" అన్నాడు.

"ఉండు నాయనా" అంది సుంకమ్మవ్వ. "పాప రానీ."