పుస్తకం లేని మంత్రగత్తె

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేతిలో పుస్తకం లేకుండానే అక్క మంత్రగత్తె అయి కూర్చుంది. అంటే కాగితం మీద అయింది. ఆటలో తన పాత్ర వివరాలు రాసుకునే కాగితంలో 'యోధురాలు, నాలుగో లెవెల్' అన్న చోట పక్కనే 'మంత్రగత్తె, ఒకటో లెవెల్' అని చేర్చేసింది. అదీ పెన్సిల్‌తో కాదు, నీలం పెన్నుతో. ఇంటి దగ్గరే రాసుకుని, నాలుగు మడతలు పెట్టి, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి టైలరమ్మ కొట్టు వెనక గదిలోకి తెచ్చి బల్ల మీద పరిచింది.

మాస్టారు ఆ కాగితం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెన్నుతో రాశారా?"

"అవునండీ. ఏం?"

"మరి పుస్తకం ఏదీ?"

అక్క మొహంలో రంగు మారింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఆవిడకి తట్టనే లేదు. ముందు చేసెయ్యడం, తర్వాత ఆలోచించడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పుకోవాలి. లెక్కల ట్యూషన్లు చెప్పే మాస్టారు ఆదివారాలు ఇక్కడ కథ నడుపుతాడు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర. మీ ముందు వాగు ఉంది, ఏం చేస్తారు అంటాడాయన. దూకుతాను అంటారు వీళ్లు. దూకగలరో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బట్టలు కత్తిరించే బల్ల మీద నల్ల లైనింగ్ గుడ్డ పరిచి, సుద్దముక్కతో కొండలూ కోటలూ గీస్తారు. దూరాలు కొలవడానికి టైలరమ్మ మెడలోని టేపే వాడతారు. పిల్లల ఆట అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు, కానీ రెండేళ్లుగా ఈ ఆట ఒక్క ఆదివారం ఆగలేదు.

వేరే చోట్ల ఎలా ఆడతారో గానీ, ఈ బల్ల మీద ఏదీ ఊరికే రాదు. యోధురాలు మంత్రవిద్యలోకి మారొచ్చు, కాదనరు. కానీ మంత్రాల పుస్తకం ఆకాశం నుంచి ఊడిపడదు. కథలో ఎవరో ఒకరి దగ్గర సంపాదించాలి. నిజంగా ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి మంత్రాన్నీ సొంత చేత్తో అందులో రాసుకోవాలి. పెన్నుతో రాసింది కొట్టేయడానికి లేదు. అంటే కొత్తగా వచ్చిన లెవెల్‌ని మంత్రవిద్యకి పెట్టేసిన అక్క ఇప్పుడు ఐదో లెవెల్ యోధురాలూ కాదు, ఒక్క మంత్రం వచ్చిన మంత్రగత్తే కాదు. రెంటికీ చెడ్డ రేవడి.

"ఈ చుట్టుపక్కల మంత్రగాడు ఒక్కడే ఉన్నాడు," అన్నాడు మాస్టారు, గుడ్డ మీద తెల్లటి లోయకి అవతల గీసిన బురుజు మీద వేలు పెట్టి.

ఎవరో చెప్పక్కర్లేదు. ఆ మంత్రగాడు ఆవిడ సొంత తమ్ముడి పాత్ర.

మూడు ఆదివారాలుగా తమ్ముడి స్టూలు ఖాళీగా ఉంది. వాడు చివరిసారి వచ్చిన రోజున ఆటలో లోయ మీద వంతెన కూలింది. యోధురాలి చేతిలో ఒకటే తాడు. దానికి ఒక కొసన మంత్రగాడు, ఇంకో కొసన వీళ్లు చెర విడిపించి తెస్తున్న ముగ్గురు ఖైదీలు. "వీడికి మంత్రాలున్నాయిగా, ఎలాగోలా బతుకుతాడు" అని మాస్టారితో చెప్పి అక్క మంత్రగాడి వైపు తాడు కోసేసింది. పక్కనే కూర్చున్న తమ్ముణ్ణి ఒక్క మాట అడగలేదు. మంత్రగాడు బతికాడు గానీ అవతలి గట్టున చిక్కుకుపోయాడు.

తాడు ఒక్కటే అయితే వాడు సర్దుకునేవాడేమో. ఆ ఉదయమే ఇంట్లో ఇంకోటి బయటపడింది. అక్క ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. తమ్ముడు ఫోన్లు రిపేరు చేసే కొట్టులో పనిచేస్తాడు. అదేం పనిలే అని, ఎక్స్‌రే కోర్సుకి వాడి సర్టిఫికెట్లు జతచేసి దరఖాస్తు పంపేసింది. కింద వాడి సంతకం కూడా తనే గీకేసింది. మంచికే చేసింది, అందులో అనుమానం లేదు. చెడ్డకి చేసినా వాడు అంత బాధపడేవాడు కాదు.

"ఇంట్లోనూ నువ్వే, ఇక్కడా నువ్వేనా?" అని లేచి వెళ్లిపోయాడు ఆ రోజు. అప్పటినుంచి ఇంట్లో మాటల్లేవు. ఒకే గోడకి అటూ ఇటూ పడుకుంటూ, కావలసింది అమ్మ ద్వారా చెప్పించుకుంటున్నారు. ఒకటో తారీకున స్నేహితుడి గదికి మారిపోతున్నాడని కూడా అమ్మే చెప్పింది. ఒకటో తారీకు ఇంకా ఆరు రోజులుంది. అలా మాటల్లేకుండా గడప దాటితే వాడు మళ్లీ తన తమ్ముడిగా రాడని అక్కకి లోపల్లోపల తెలుసు.

టైలరమ్మ లేచి, గుండీలు పెట్టే సొరుగు లాగి, అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసింది. తమ్ముడు ఆ రోజు కోపంలో వదిలేసి పోయిన పుస్తకం. రెండేళ్ల మంత్రాలన్నీ వాడి చేతిరాతలో అందులోనే ఉన్నాయి.

"ఇదిగో, ఇక్కడే ఉంది. దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

"బతికున్నవాడి పుస్తకం తీసుకోకూడదు," అన్నాడు మాస్టారు.

"ఎంతసేపు బతికుంటాడు? ఇవాళ నాలుగో ఆదివారం."

అదీ నిజమే. చెప్పాపెట్టకుండా నాలుగు ఆదివారాలు రాకపోతే, నాలుగోనాటి ఐదు గంటలకి ఆ పాత్ర చచ్చినట్టు లెక్క. చచ్చినవాడి పుస్తకం దొరికినవాళ్లది.

"ఐదింటిదాకా నోరు మూసుకుని కూర్చోవే అమ్మాయ్," అంది టైలరమ్మ. "పుస్తకం నడుచుకుంటూ నీ చేతికొస్తుంది."

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. పుస్తకం బల్ల మధ్యలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆ మంత్రగాడు చచ్చాక తమ్ముడు ఈ గదికి ఎందుకొస్తాడు? ఇద్దరూ ఎవరూ బలవంతపెట్టకుండా పక్కపక్కన కూర్చునే చోటు ఇదొక్కటే. అదీ పోతుంది.

ఫోన్ తీసి 'వెంటనే టైలరమ్మ కొట్టుకి రా' అని కొట్టింది. చదువుకుంది. చెరిపేసింది. 'ఇవాళ రాకపోతే నీ పాత్ర పోతుంది' అని కొట్టింది. అదీ బెదిరింపులాగే ఉంది. చివరికి 'వస్తావా?' అని ఒక్క మాట పంపింది. వాడికి తను ఎప్పుడైనా ఒక ప్రశ్న పంపిందా అని వెనక్కి వెళ్లి చూసింది. అన్నం తిను, గొడుగు పట్టుకెళ్లు, జుట్టు కత్తిరించుకో. ఏడాది వెనక్కి వెళ్లినా ప్రశ్న కనబడలేదు.

వాడు చదివినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు.

నాలుగూ నలభై. మాస్టారు పాచికలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. నాలుగూ యాభై. అక్క కాలు బల్ల కింద దానంతటదే ఆడుతోంది.

ఐదుకి నాలుగు నిమిషాలుందనగా ముందు గదిలో షట్టర్ చప్పుడైంది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతిలో హెల్మెట్‌తో.

"నా పుస్తకం తీసుకెళ్దామని వచ్చా," అన్నాడు, మాస్టారితో.

"కూర్చుంటే మీ మంత్రగాడు బతికున్నట్టు. పుస్తకం పట్టుకుని వెళ్లిపోతే ఆట వదిలేసినట్టు. మీ ఇష్టం."

వాడు గడియారం వంక చూశాడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని స్టూలు అంచున కూర్చున్నాడు. "పది నిమిషాలు. అంతే."

ఇక నాన్చితే లాభం లేదు. "నేను అవతలి గట్టుకి వస్తున్నా," అంది అక్క.

"వంతెన లేదు," గుర్తుచేశాడు మాస్టారు. "మిగిలింది ఒకే తాడు. కవచం బరువుకి తెగుతుంది."

"కవచం విప్పేస్తున్నా. కత్తి కూడా ఇక్కడే వదిలేస్తున్నా."

"పద్నాలుగు పైన పడాలి."

అక్క పాచిక అరచేతిలో ఒకసారి నలిపి వదిలింది. అది సుద్దగీతల మీద దొర్లి, టేపుకి తగిలి ఆగింది. ఆరు.

టైలరమ్మ "అయ్యో" అంది. మాస్టారు మొహంలో ఏమీ లేదు. ఆయన పాచికని ఎప్పుడూ మోసం చేయడు, ఎవరి కోసమూ.

"చెయ్యి జారింది. పడుతున్నారు. తొంభై అడుగులు, కింద రాళ్లు. బతికే దారి లేదు." తమ్ముడి వైపు తిరిగాడు. "మీ పుస్తకంలో ఒక మంత్రం ఉంది. పడేవాళ్లని ఈకలా మెల్లగా దించేది. పడుతున్న క్షణంలోనే వెయ్యాలి. వేస్తారా?"

తమ్ముడు హెల్మెట్ బెల్టు బిగిస్తూ వదులు చేస్తూ కూర్చున్నాడు.

"వెయ్యరా నాయనా!" అంది టైలరమ్మ.

"మీరు ఊరుకోండి," అన్నాడు మాస్టారు.

"ఆవిణ్ణి అడగమనండి," అన్నాడు తమ్ముడు.

ఆవిడ! ఆ మాట అక్క గుండెలో కలుక్కుమంది. "ఒరేయ్, వెయ్యరా," అంది.

వాడు లేచాడు. "ఇది అడగడమా?" అని, బల్ల మీద పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"ఆగు." అక్క గొంతు వణికింది. ఆవిడ గొంతు వణకడం ఆ గదిలో అంతకుముందు ఎవరూ వినలేదు. "ఆ కాగితం మీద నీ సంతకం నేను పెట్టా. తప్పు. నిన్ను అడగాలని నాకు తోచనే లేదు, అది ఇంకా పెద్ద తప్పు. రేపు పొద్దున్నే వెళ్లి వెనక్కి తెచ్చేస్తా."

"నా కాగితం నేను తెచ్చుకోగలను."

నీకు ఆ క్లర్కు తెలియదురా, నేనైతే ఐదు నిమిషాల్లో, అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"సరే. నువ్వే తెచ్చుకో."

గడియారం ఐదు కొట్టింది. ఎవరూ అటు చూడలేదు.

"నేను పడిపోతున్నాను," అంది అక్క. కళ్లు సుద్దగీతల మీదే ఉన్నాయి. "పట్టుకుంటావా?"

తమ్ముడు నిలబడే ఉన్నాడు. తర్వాత హెల్మెట్ కింద పెట్టాడు.

"వేస్తున్నా, మాస్టారూ. వాడకుండా నాకు మిగిలిన మంత్రం అదొక్కటే. అయినా వేస్తున్నా."

యోధురాలు మెల్లగా, ఒక్క ఎముకా విరగకుండా, బురుజు వైపు గట్టున దిగింది.

తమ్ముడు స్టూలు ముందుకు లాక్కున్నాడు. తన పుస్తకం చివర్నించి రాయని కాగితాలు ఓ పదిహేను చింపి, టైలరమ్మ సూదీ దారం అడిగి, మధ్యలో నాలుగు కుట్లు వేసి అక్క ముందుకి తోశాడు.

"నా పుస్తకం ఇవ్వను. నేర్పిస్తా. నేను చెప్పినంతే రాయాలి. సొంత పైత్యం కలిపితే లాక్కుంటా."

"సరే."

"ఒకటో తారీకున మాత్రం వెళ్తున్నా. అది మారదు."

ఆ గదిలో గాలి ఆడదురా, నీకు వంట రాదు, అద్దె ఎలా కడతావ్. పది మాటలు అక్క నాలుక చివర వరుసకట్టాయి. పెన్ను మూత తీసి, ఖాళీ కాగితం వంక చూసింది.

"సామాను మొయ్యడానికి నేను రావచ్చా?"

వాడు ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు, నెల తర్వాత మొదటిసారి.

"రా. ఏది ఎక్కడ పెట్టాలో మాత్రం నేను చెబుతా," అన్నాడు. "ఇక రాసుకో, అక్కా."

అక్క కళ్లు తుడుచుకుని, వాడు చెప్పింది చెప్పినట్టే రాయడం మొదలుపెట్టింది.