బోర్డు వెనకవైపు

లోపలి గదిలో కూర్చుని ఒక పాత కంప్యూటర్‌కి పట్టిన దుమ్ము బ్రష్షుతో దులుపుతున్నాను. ముందుగదిలో మా ఆయన ఎవరికో అబద్ధం చెబుతున్నాడు. అబద్ధాలు నాకు కొత్త కాదు. పదకొండేళ్ళుగా ఆ చెక్క తలుపు వెనక కూర్చుని వింటూనే ఉన్నాను. "కస్టమర్ ఉన్నప్పుడు బయటికి రాకు, ఆడమనిషిని చూస్తే నమ్మకం పోతుంది" అని పెళ్ళైన మొదటి నెలలోనే చెప్పాడు. రాలేదు. ఆయన అమ్మేవాడు, నేను బిగించేదాన్ని. మధ్యలో పొయ్యి మీద పాలు చూసి రావాలి, అత్తగారికి మందులివ్వాలి, బట్టలారేయాలి. మా కొట్టు ఇంటి ముందుగదిలోనే కాబట్టి ఇది పని కిందికి రాదని అత్తగారి ఉద్దేశం. "నీడపట్టున కూర్చుని మరలు తిప్పడం కూడా ఒక కష్టమేనా?" అనేది. కొట్టు అన్న మాటకి మా ఇంట్లో రెండర్థాలూ చెల్లేవి. ఒకటి ఆయన పేరు మీద ఉండేది, రెండోది నా ఒంటి మీద.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ప్రతి మదర్‌బోర్డు పెట్టెలోనూ ఒక చిన్న పుస్తకం వస్తుంది. ఆయన దాన్ని తీసి చెత్తబుట్టలో వేసేవాడు. నేను ఏరుకుని, ఉల్లిపాయల బుట్ట కింద దాచుకుని, కుక్కరు కూతలేసేలోపు రెండేసి పేజీలు చదివేదాన్ని. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏది ఎవరి దారికి అడ్డం వస్తుందో ఆ బొమ్మల్లో తెలిసిపోతుంటే, నా బతుకులో అర్థమయ్యేది ఇదొక్కటైనా ఉంది కదా అనిపించేది.

ఆ రోజు వచ్చినావిడ డాక్యుమెంటరీలకి ఎడిటింగు చేస్తుందట. నేను ఇప్పటికీ ఎడిటరమ్మ అనే పిలుస్తాను. "నాకు స్పీడే ముఖ్యమండీ" అంటోంది. "వేగంగా ఉండే ఎస్‌ఎస్‌డీలు రెండు పెట్టాలి. ఒకదాంట్లో షూటింగు ఫైళ్ళు, రెండోదాంట్లో నేను చేసే పని. రెండూ ఒకేసారి పరిగెత్తాలి. దానికి తగిన బోర్డు కావాలి."

"అయితే కళ్ళు మూసుకుని ఇది తీసుకోండి మేడమ్. రెండు స్లాట్లున్నాయి. గుర్రమే అనుకోండి" అన్నాడు మా ఆయన.

తలుపు సందులోంచి చూశాను. రెండేళ్ళుగా ఎవరూ కొనక అటకెక్కిన బోర్డు అది. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. నా గురించి ఎన్ని అబద్ధాలాడినా ఊరుకున్నదాన్ని, ఆ బోర్డు గురించి ఆడితే ఊరుకోలేకపోయాను.

"ఏవండీ, అది ఆవిడ పనికి సరిపోదు" అన్నాను, గడపలో నిలబడి.

ఆయన తల తిప్పలేదు. ఎడిటరమ్మ తిప్పింది. "ఎందుకని?"

"మొదటి స్లాటు ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడుతుందండీ, దానికి వంక లేదు. రెండోది పాత దారి. మీరు ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ పెట్టినా అందులో నత్తనడకే. పైగా అది వాడితే, మామూలు డిస్కులు తగిలించే పోర్టుల్లో రెండు మూగబోతాయి. ఈ పై అరలో ఉన్నది చూడండి. దీంట్లో రెండు స్లాట్లకీ నేరుగా ప్రాసెసర్‌కి దారుంది. వాటి మీద ఈ రేకు మూతలు సోకు కోసం కాదు. ఎస్‌ఎస్‌డీ బాగా వేడెక్కితే దానంతటదే నెమ్మదిస్తుంది. ఇవి ఆ వేడి లాగేస్తాయి."

ఎడిటరమ్మ కుర్చీ నా వైపు జరుపుకుంది. ఇంకా నాలుగు ప్రశ్నలడిగింది. అన్నీ నన్నే. చివరికి "నాకిదే కావాలి. మీరే బిగిస్తారా?" అంది. అవునన్నాను. సాయంత్రం ఐదింటికి వస్తానని వెళ్ళిపోయింది. "మా ఆవిడకి ఈమధ్య నోరొచ్చిందండీ" అని మా ఆయన నవ్వుతూ మెట్ల దాకా సాగనంపాడు.

తిరిగొచ్చి షట్టరు సగానికి దించాడు. ఆ చప్పుడు తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. పాత బోర్డు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేనా పనికిరాదన్నావు?"

మదర్‌బోర్డుని ముందువైపే చూస్తారు అందరూ. వెనకవైపు లోహం కరిగించి అతికిన వందల సోల్డరు మొనలు సూదుల్లా పొడుచుకుని ఉంటాయి. బిగించేటప్పుడు వేలికి గుచ్చుకుంటే చురుక్కుమంటుంది. ఆయన ఆ వైపుతో నా ఎడమ చెంప మీద కొట్టాడు. మొదటి దెబ్బకి ఏమీ తెలియలేదు, రెండోదానికి ముఖం మీద నిప్పులు పోసినట్టయింది. మూడోదానికి కింద పడ్డాను. డొక్కలో తన్నాడు. నోట్లో ఉప్పగా తగిలింది. పడిన చోట పొడుగు స్క్రూడ్రైవరు చేతికందింది. ఆయన వంగి నా జుట్టు పట్టుకుంటున్నాడు, మెడ నరం నా కళ్ళ ముందే కొట్టుకుంటోంది. ఒక్క పోటు చాలు. ఎంత లోతు దిగుతుందో, ఎటు తిప్పాలో కూడా నా చెయ్యి ఆలోచించేసింది. స్క్రూడ్రైవరు వదిలేశాను. జాలితో కాదు. ఈ మనిషి కోసం వండాను, ఉతికాను, బిగించాను. ఇప్పుడు జైలుకి కూడా ఈయన కోసమే పోవాలా అనిపించింది.

అత్తగారు లోపలి గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ముఖం మీద కొట్టకురా" అంది. "కస్టమర్లు చూస్తారు."

ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. పాత బోర్డు నా ముందు పడేశాడు. "బిల్లు కొత్తదానికే ఉంటుంది. లోపల మాత్రం ఇది బిగించు. మూత విప్పి చూస్తుందా ఆవిడ? నీకిదే శిక్ష." భోజనం చేసి పడుకున్నాడు. వడ్డించింది నేనే. అది చెప్పుకోవడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఎడమ కన్ను మూసుకుపోయింది. చెంప తడిమితే రక్తం చుక్కలు చుక్కలుగా వేళ్ళకంటుతోంది. బల్ల ముందు కూర్చున్నాను. కొత్త బోర్డునే పెట్టె విప్పి తీశాను. శౌర్యమనుకోకండి. తప్పు బోర్డు బిగించడానికి నా చేతులు ఒప్పుకోలేదు, అంతే. ఒంటి కంటితోనే ప్రాసెసర్ దించాను. రెండు ఎస్‌ఎస్‌డీలూ ఏటవాలుగా దూర్చి, మెల్లగా వంచి, మర బిగించి, రేకు మూతలు పెట్టాను. స్పీడు పరీక్ష పెడితే రెండూ పూర్తి వేగంతో లేచాయి. పగిలిన పెదవితో నవ్వుతున్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

నాలుగున్నరకి ఆయన లేచొచ్చాడు. బల్ల మీద పాత బోర్డు అలాగే ఉండడం చూశాడు.

"విప్పు" అన్నాడు.

"విప్పను."

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు నేను అన్నది కాదు. జుట్టు పట్టుకుని నుదురు బల్ల అంచుకేసి కొట్టాడు. నేను ఆ కంప్యూటర్ పెట్టెని రెండు చేతులా వాటేసుకున్నాను. ఆయన నా ఎడమచేతి చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. చిక్కుడుకాయ తుంచినట్టు చిన్న చప్పుడయింది. నేను అరిచిన అరుపు నాదేనని పోల్చుకోలేకపోయాను. వదల్లేదు. ఇంకో వేలు పట్టుకున్నాడు.

ఐదు కావస్తోంది. సగం దించిన షట్టరు కింద నుంచి ఎడిటరమ్మ వంగి లోపలికొచ్చింది.

ఆయన చెయ్యి తీసేసిన వేగం చూడాలి. "రండి మేడమ్, మీ సిస్టమ్ రెడీ."

ఆవిడ నన్నే చూస్తోంది. "ఈవిడకేమైంది?"

"పై అర మీంచి పెట్టె పడిందండీ."

"అవునమ్మా, నేనూ చూశాను" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"ఆవిడ్ని చెప్పనివ్వండి."

పదకొండేళ్ళలో నా మీద ఎన్ని పడ్డాయో. పెట్టెలు, తలుపులు, స్నానాలగదిలో నేల కూడా.

"ఏదీ పడలేదు" అన్నాను. "ఈయన కొట్టాడు. వేలు ఇప్పుడే విరిచాడు. మీ బోర్డు మార్చమంటే మార్చనన్నందుకు."

ఆయన నా మీదికి ఒక అడుగు వేశాడు. ఎడిటరమ్మ షట్టరుని రెండు చేతులా పైకి తోసేసింది. వీధి మొత్తం వెలుతురుతో సహా లోపలికొచ్చింది. పక్కన టైలరు కుట్టు ఆపి చూశాడు, ఎదుట మందుల షాపామె బయటికొచ్చింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. నేను పెట్టె కుడిచేత్తో చంకనెత్తుకుని మెట్లు దిగాను.

ఎడిటరమ్మ తీసుకెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం దగ్గరికి లాక్కుని నా చెంప చాలాసేపు చూసింది. "ఇన్ని చుక్కలు వరసల్లో ఉన్నాయేంటమ్మా? దేంతో కొట్టాడు?" చెప్పాను. ఒక్కో మాటా అడిగి రాసుకుంది. స్టేషన్‌లో రాసేవాడు కలం మూసి, "మొగుడూ పెళ్ళాలన్నాక సర్దుకుపోవాలమ్మా" అన్నాడు. ఎడిటరమ్మ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "రాయండి" అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారికి కలం తెరిచాడు.

అక్క ఇంట్లో ఉన్నాను. ఎన్నిసార్లు పిలిచినా రానిదాన్ని వచ్చినందుకు రెండు రోజులు తిట్టింది, మూడో రోజు నుంచి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పోలీసులు ఆయన్ని స్టేషన్‌కి పిలిపించారు, కేసు పెట్టారు, బెయిలు మీద వదిలారు. నన్ను కలవకూడదన్నారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు. క్షమించమంటాడేమో, చంపుతానంటాడేమో అని రెండింటికీ సిద్ధపడి ఎత్తాను.

"ఒక్క నిమిషం సార్, మా టెక్నీషియన్ లైన్లోకి వచ్చాడు" అని ఎవరితోనో అంటున్నాడు. తర్వాత గుసగుసగా నాతో, "ఏయ్, కేసు సంగతి తర్వాత. ఇక్కడొకాయన కూర్చున్నాడు. మూడు ఎస్‌ఎస్‌డీలు కావాలంట, పెద్ద గ్రాఫిక్స్ కార్డంట. మూడోది పెడితే కార్డు స్పీడు సగమైపోతుందేమో అని అడుగుతున్నాడు. ఏం చెప్పను? త్వరగా చెప్పు."

కట్టు కట్టిన వేలు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మనిషి అడిగింది చాలా మంచి ప్రశ్న. కొన్ని బోర్డుల్లో అవుతుంది, కొన్నిట్లో కాదు.

"ఫోను ఆయనకివ్వు" అన్నాను.

"ఏంటీ? ఇవ్వు ఏంటి?"

"ఇవ్వు."

ఏమనుకున్నాడో ఇచ్చాడు. అటు నుంచి ఎవరో పెద్దాయన "నమస్తే, టెక్నీషియన్ మీరేనా అమ్మా?" అన్నాడు, ఆశ్చర్యపోతూ.

"నేనేనండీ" అన్నాను. "మీకు సరిపోయే బోర్డు ఆ కొట్లో లేదు. లేచి బయటికి వచ్చి, నాకు మీ ఫోను నుంచి చేయండి. వారంలో తెప్పించి, మీ ఎదురుగానే బిగించి ఇస్తాను. నంబరు చెప్తాను, రాసుకోండి."