ముఖం లేని వేలం

ఆ ఆదివారం అశోక్‌నగర్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో జగదీశ్వర్ ఉన్నాడు, ఆయన భార్య జయశ్రీ ఉంది, భోజనానికి పిలిస్తే వచ్చిన జయశ్రీ తమ్ముడు ఫణికిరణ్ ఉన్నాడు. సీరియల్ ఆపేశారని అలిగిన జగదీశ్వర్ తల్లి సోఫా చివర కూర్చుని ఉంది. వంటింటి గుమ్మంలో పనిమనిషి కురుమమ్మ కూతురు శ్రీలక్ష్మి నిలబడి ఉంది.

తల్లికి బదులు వచ్చిన ఆ పిల్ల అంట్లు తోమడం ఎప్పుడో ముగించింది. అయినా కదలలేదు. చున్నీ కింద ఒక గుడ్డసంచిని పొట్టకి అదుముకుని నిలుచుంది. అందులో నలభై వేలున్నాయి.

ఆమె తండ్రి చెన్నయ్య ట్రాలీ ఆటో నడిపేవాడు. చిక్కడపల్లి మార్కెట్‌కి కూరగాయలు వేసుకొస్తుంటే నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక లారీ గుద్దింది. వంకాయలూ టమాటాలూ రోడ్డు పాలయ్యాయి. చెన్నయ్య కాలు విరిగి దవాఖాన పాలయ్యాడు. బండిని బాగుచేయించడం దండగని తేల్చి బీమావాళ్లు పట్టుకుపోయారు. వాళ్లిచ్చినదాంట్లో బండి అప్పు పోగా మిగిలినవే ఈ నలభై వేలు.

"ఇంజన్‌కు ఏం కాలేదన్నా. బండి తెచ్చియ్యి, రోడ్డెక్కించే పూచీ నాది" అన్నాడు ముషీరాబాద్ మెకానిక్. పాడైన బండ్లని ఫోన్‌లో వేలం వేసే కంపెనీలో అది ఆదివారం పాటకొస్తోందని కనుక్కొని చెప్పింది కూడా అతనే. అందులో పేరు నమోదైన వ్యాపారులే పాట పాడాలి. విరిగిన కాలితో చెన్నయ్య కూలికి పోయి ఇటుకలు మోయలేడు. ఆ కాలితో బండి నడపగలడు, అంతే. బండి తిరిగి వస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

కంపెనీ పేరు వినగానే కురుమమ్మకి ప్రాణం లేచొచ్చింది. జగదీశ్వర్ సారు అందులో పెట్టుబడి పెట్టాడు. పొద్దున చాయ్ తాగేటప్పుడల్లా ఆయన "మన కంపెనీ, మన కంపెనీ" అనడం ఆమె చెవులారా విన్నది.

"నువ్వు పోయి ఆడ నిలబడు బిడ్డా" అని కూతురికి చెప్పింది. "మీ తాత ముచ్చట చెప్పిన గద. ఎద్దు గలోడు ముంగట నిలబడితే ఎవడు పాట పెంచుతడు? ఆళ్లు మనుషులు కారా ఏంది?"

వాళ్ల ఊళ్లో చేలో పడ్డ పశువుల్ని బందెలదొడ్డిలో కట్టేసేవారు. యజమాని విడిపించుకోలేకపోతే వేలం పెట్టేవారు. తాత తన ఎద్దు పలుపు పట్టుకుని, ఉన్న నాలుగు రూపాయలూ చూపించి నిలబడ్డాడట. ఊరంతా నేల చూపులు చూసింది గాని ఒక్కరూ నోరు మెదపలేదు. ఎద్దు ఇంటికొచ్చింది.

కానీ శ్రీలక్ష్మికి నలుగురిలో నోరు పెగలదు. బడిలో హాజరు వేసేటప్పుడు కూడా పక్కపిల్లే "ఉంది సార్" అని చెప్పేది.

"చూడు ఫణీ" అంటూ జగదీశ్వర్ ఫోన్‌ని టీవీకి కలిపాడు. "పెట్టుబడి పెట్టమంటే తుక్కు కంపెనీ అని నవ్వితివి గదా. నీ కండ్లతోనే చూడు."

నుజ్జయిన కారొకటి వచ్చింది, అమ్ముడుపోయింది. ఆ తర్వాత తెర మీదకి ట్రాలీ ఆటో వచ్చింది. ముందు భాగం లోపలికి పోయి ఉంది. వెనక తలుపు మీద 'కురుమూర్తి స్వామి దయ' అని వంకరగా రాసి ఉంది. శ్రీలక్ష్మి తన చేత్తో రాసిన అక్షరాలవి.

"ఇరవై ఆరు వేలా! దీన్ని ఎవడు కొంటడు బావా?"

"గదే మజా. ఇరవై తొమ్మిదైంది చూడు. ఎంత పెరిగితే మన కంపెనీకి అంత కమీషన్."

"ముప్పై రెండు! అరె, కొట్టు కొట్టు!" ఫణికిరణ్ క్రికెట్ చూస్తున్నవాడిలా ముందుకు జరిగాడు.

శ్రీలక్ష్మి నోరు తెరిచింది. మాట రాలేదు. అంకె ముప్పై నాలుగైంది. ఆ పిల్ల గుమ్మం దాటి తివాచీ మీద అడుగు పెట్టింది.

"సార్."

మగవాళ్లిద్దరికీ వినపడలేదు. ముసలావిడకి వినపడింది. "గా పిల్ల ఏమో అంటుందిరా" అంది.

"సార్, అది మా నాయిన బండి."

ఇద్దరూ అప్పుడు ఆమె వైపు తిరిగారు. తెర మీద ముప్పై ఆరైంది.

"నా దగ్గర నలభై వేలున్నయ్. ఇంక పెంచొద్దని చెప్పున్రి సార్ ఆళ్లకు."

"ఎవలకు చెప్పాలమ్మా? ఒకడు నాందేడ్ల ఉంటడు, ఒకడు ఢిల్లీల ఉంటడు" అన్నాడు జగదీశ్వర్.

"నేను ఆళ్లకు కనపడ్తనా సార్?"

ఆయనకి అర్థం కాలేదు. ఆ పిల్ల వెళ్లి టీవీ పక్కన, తన తండ్రి బండి బొమ్మని ఆనుకుని నిలబడింది. చున్నీ కింది సంచి తీసి రెండు చేతులతో ముందుకి చాపింది.

"ఫోన్ ఇటు తిప్పున్రి సార్. నన్ను చూస్తే పెంచరు."

ఫణికిరణ్ పగలబడి నవ్వాడు. "బావా, మీ కంపెనీయే గద! ఒక్క ఫోన్ కొట్టి ఇప్పియ్యరాదు?"

జగదీశ్వర్ మొహం మాడిపోయింది. భార్య వైపు చూశాడు. జయశ్రీ ఆయన వైపే చూస్తోంది.

"పైసలు పెట్టినోళ్లు పాటల వేలు పెట్టొద్దు, రూలు" అన్నాడు గొంతు సవరించుకుని. "అందుకే చెప్తున్న ఫణీ, గట్టి కంపెనీ. ఎవరి మొహం చూడది."

"ముప్పై తొమ్మిదైంది సార్. ఇప్పుడన్న చెప్పున్రి. మీ కాళ్లు మొక్కుత."

అంకె కాసేపు అక్కడే ఆగింది. శ్రీలక్ష్మి ఫోన్ వైపు సంచి ఇంకా ఎత్తింది. నలభై ఒకటైంది. ఆ వెంటనే నలభై రెండైంది. బండి అమ్ముడుపోయిందని అక్షరాలు పడ్డాయి.

"నలభై రెండు!" అన్నాడు జగదీశ్వర్. అలవాటుగా నోరుజారిన మాట. అనేసి తల తిప్పుకున్నాడు.

"కొన్న సారు పేరన్న చెప్పున్రి. పోయి అడుక్కుంట."

"పేరుండదమ్మా. గీ నంబరే ఉంటది."

"గా నంబర్‌కు ఫోన్ చెయ్యొచ్చా సార్?"

"అది ఫోన్ నంబర్ కాదు. పో తల్లీ, ఇంటికి పో."

తెర మీదకి మరో కారు వచ్చింది. ఫణికిరణ్ నవ్వడం మానేసి గడ్డం గోక్కుంటున్నాడు. "బావా, అసలు ఎంత నుంచి పెట్టొచ్చు?" అని మెల్లగా అడిగాడు.

జగదీశ్వర్ భార్యకి కళ్లతో సైగ చేశాడు. జయశ్రీ లేచి శ్రీలక్ష్మి భుజం పట్టి తలుపు దాకా నడిపించింది.

"ఏడ్వకు. మీ అమ్మను రేపు జర జల్ది రమ్మను."

శ్రీలక్ష్మి గడప అవతల నిలబడి తలుపు చట్రాన్ని పట్టుకుంది. "అమ్మా, సారుకు ఇంకొక్కసారి మీరు చెప్పున్రి. మీరు చెప్తే..."

"చెయ్యి తియ్యి పిల్లా, వేళ్లు నలుగుతయి" అంది జయశ్రీ.

శ్రీలక్ష్మి చెయ్యి తీసింది. జయశ్రీ తలుపు వేసేసింది.