ఒకటి నొక్కు నాయినమ్మా

ఈ ఎండాకాలం నేను బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేశాను. బ్యాంకులో అంటే నిజంగా బ్యాంకులో అనుకునేరు. సూర్యాపేటలో మా కిరాయి ఇంట్లో, కూలర్ పక్కన, మంచం మీద కూర్చుని ఫోన్లో చేశాను. దాన్ని వర్చువల్ అంటారు. ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ చూపిస్తేనే మా కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడాది ముందుకు సాగుతుంది. ఆ బ్యాంకు పేరు మాత్రం చెప్పను. తలుచుకుంటేనే నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు వీడియోలు చూపించారు. సూటు వేసుకున్న ఒకాయన "కస్టమరే మన కుటుంబం" అంటూ నవ్వుతాడు. కింద ప్రశ్నలు వస్తాయి. ఏది నొక్కినా వెరీ గుడ్ అనే వస్తుంది. మా మీద హైదరాబాద్ నుంచి వినయ్ సార్ అని ఒక మేనేజర్ ఉండేవాడు. ఆయన ముఖం నేను ఇప్పటికీ చూడలేదు. తన కెమెరా ఎప్పుడూ ఆపుకునే ఉంటాడు, మమ్మల్ని మాత్రం ఆన్ చేయమంటాడు. ఒకరోజు నా వెనక దండెం మీద బట్టలు కనిపించాయని "బ్యాక్‌గ్రౌండ్ కొంచెం ప్రొఫెషనల్‌గా ఉంచుకోమ్మా" అన్నాడు. బట్టలు తీసేసి గోడకు దుప్పటి కట్టాను. మా అమ్మ చూసి, "ఇదేందే, ఇంట్ల పందిరేస్తున్నవా?" అంది.

మూడో వారంలో అసలు పని బయటికి వచ్చింది. బ్యాంకు నుంచి ఖాతాదారులకు కంప్యూటరే ఫోన్లు చేస్తుంది కదా, అందులో వినిపించే తెలుగు పుస్తకంలో మాదిరి ఉందని జనం పెట్టేస్తున్నారట. అందుకని పెద్ద వయసు ఆడవాళ్ల కోసం ఊరి మాటలో కొన్ని ముక్కలు రికార్డు చేసి పంపమన్నారు. "ఇది ప్రాక్టీస్ మాత్రమే, ట్రైనింగ్‌లో భాగం" అని వినయ్ సార్ రెండుసార్లు చెప్పాడు.

నాతో పాటు నా క్లాస్‌మేట్ మంజుల కూడా పంపింది. వాళ్లది కోదాడ. ఆమె గొంతు వద్దన్నారు. "నా మాట ఆంధ్రావాళ్ల మాటలా ఉందంటనే. మా ఇంట్లో ఇట్టాగే మాట్లాడతారు, నేనేం చెయ్యను?" అని వీడియో కాల్లో ఏడుపు ముఖం పెట్టింది.

నాది తీసుకున్నారు. అలాగని ఊరికే తీసుకోలేదు. "ఇంకొంచెం ఊరితనం కావాలి స్రవంతీ" అంటూ మళ్లీ మళ్లీ చెప్పించాడు. ఊరితనం ఎంత వేయాలో నాకేం తెలుసు? కూరలో ఉప్పా అది?

"మీ ఊళ్లో పెద్దవాళ్లు ఎవరున్నారు?" అని అడిగాడు.

"మా నాయినమ్మ సార్. మాడుగులపల్లిల మా చిన్నాయినోళ్ల దగ్గరుంటది. గొర్లున్నయ్."

"సూపర్! ఆవిడకే ఫోన్ చేస్తున్నావనుకో. రోజూ ఎలా మాట్లాడతావో అలానే మాట్లాడు. బ్యాంకు విషయం చివర్లో మెల్లగా కలుపు."

నిజం చెప్పాలంటే నాకు ఆనందమేసింది. ఈ మాట మాట్లాడితే నవ్విన లెక్చరర్లు ఉన్నారు నాకు. ఇప్పుడు ఒక బ్యాంకు ఇదే కావాలంటోంది. కళ్లు మూసుకుని, సాయంత్రం పూట నాయినమ్మతో మాట్లాడినట్టే మాట్లాడాను.

"మంచిగున్నవానే నాయినమ్మా? తిన్నవా? జీవాలు మంచిగున్నయా? ఎండల తిరగకు జర. ఇగో, నీ మంచికే సెప్తున్న. బ్యాంకోళ్లు ఒక బీమా పెట్టిన్రు. ఆపతి సంపతికి అక్కరకొస్తది. ఒకటి నొక్కు నాయినమ్మా. నేను సెప్తున్న గద."

"జీవాలు అంటే ఏంటి?" అన్నాడు వినయ్ సార్. గొర్రెలని చెప్పాను. "వావ్. అది ఉంచేయ్. చాలా టచింగ్‌గా ఉంది" అన్నాడు. తక్కిన ఇంటర్న్‌లందరూ తెర మీద పచ్చరంగు చేతులతో చప్పట్లు కొట్టారు.

మా నాయినమ్మ భద్రమ్మకు చదువు రాదు. బటన్ల ఫోన్ ఉంది. అందులో రెండో నంబరు గట్టిగా నొక్కి పట్టుకుంటే నాకు వస్తుంది, అలా నేనే పెట్టి ఇచ్చాను. రోజూ గొర్రెలు దొడ్లోకి చేరాక నేను ఫోన్ చేస్తాను. ఏ గొర్రె కుంటింది, ఏది మేత ముట్టలేదు, ఎవరి చేనులో పడి తిట్లు తినిపించింది, అన్నీ చెప్తుంది. పోయినేడు వాళ్ల వాడకట్టులో ఎవరికో దొంగ ఫోన్ వచ్చి ఖాతా ఊడ్చుకుపోయింది. అప్పుడు నేను నాయినమ్మను కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట నేర్పాను. "ఎవలేం సెప్పినా ఏం నొక్కకు. నేను సెప్తెనే నొక్కు." చిన్నపిల్లతో అప్పజెప్పించినట్టు అప్పజెప్పించాను కూడా. ఆమె ఆ మాట తప్పలేదు. ఆమె ఖాతా కూడా ఈ బ్యాంకులోనే ఉంది, వాళ్ల ఫోన్లన్నీ కట్ చేసేది. మా చిన్నాయిన చెప్పినా వినేది కాదు. "మా స్రవంతి సెప్పాలె" అనేది.

రికార్డింగ్ పంపిన కొన్నాళ్లకు మంజుల ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. "నువ్వు మా అమ్మమ్మకి ఫోన్ చేశావంటగా? మన వీడియో కాల్స్‌లో వింటుంది కదా, నీ గొంతు గుర్తుపట్టింది. 'నీ ఫ్రెండుకి నేను నాయనమ్మనెప్పుడయ్యానే, మనకి గొర్రెలెక్కడున్నాయే' అని అడుగుతోంది. పెట్టేసిందిలే."

నేను నవ్వలేదు. ప్రాక్టీస్ అన్న రికార్డింగ్ కోదాడ దాకా ఎలా పోయింది? ఆ ఆలోచనలో ఉండగానే నాయినమ్మ నుంచి ఫోన్.

"నువ్వు సెప్పినట్టె ఒకటి నొక్కిన బిడ్డా. గని నువ్వేందే, నేను జీవాల గురించి సెప్తనే ఉన్న, నీ పాటికి నువ్వు మాట్లాడి పెట్టేస్తివి? కోపమొచ్చిందా నా మీద?"

నేను చేయలేదని చెప్పబోయి ఆగిపోయాను. ఏమని చెప్పాలి? "రేపొస్తున్న నాయినమ్మా. బ్యాంకు బుక్కు పట్టుకొని మిర్యాలగూడకు రా" అన్నాను.

మర్నాడు మిర్యాలగూడ బస్టాండులో దిగేసరికి నాయినమ్మ నాకంటే ముందే వచ్చి ఉంది. పాస్‌బుక్కు కొంగులో చుట్టుకుని గట్టిగా పట్టుకుంది. దారి పొడుగునా మిల్లుల లారీలు, తవుడు దుమ్ము. ఆ దుమ్ములో నాయినమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "ఏమైందే?" అని అడుగుతూనే ఉంది. బ్యాంకులోకి పోయాక చెప్తానన్నాను.

కౌంటర్ వెనక ఉన్న మేడమ్ పాస్‌బుక్కు చూసి, కంప్యూటర్ చూసి, బీమా పాలసీ వచ్చేసింది, ఖాతాలోంచి డబ్బు కట్ అయింది అని చెప్పింది. మాకొద్దు అన్నాను.

"కస్టమరే ఒప్పుకుంది కదా. రికార్డు ఉంది" అని మేడమ్ స్పీకర్ ఆన్ చేసింది.

బ్యాంకంతా నా గొంతు వినిపించింది. "మంచిగున్నవానే నాయినమ్మా? తిన్నవా?" లైన్లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఇద్దరు నవ్వారు. ఆ గొంతు మీద నాయినమ్మ గొంతు వచ్చి పడింది. "తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా? ఎర్ర గొర్రె ఈనిందే..." నా గొంతు ఆమె మాట పూర్తి కానివ్వలేదు. ఎండల తిరగకు జర, అంది.

నాయినమ్మ ముఖం వెలిగిపోయింది. కౌంటర్ మీదికి వంగి, "ఇగో, మా పిల్లనే గద గిది" అంది మేడమ్‌తో, గొప్పగా.

"చూశారా? మీ మనవరాలే అన్నీ వివరంగా చెప్పింది. ఇంకేం కంప్లైంట్?" అంది మేడమ్.

"గొంతు నాదే మేడమ్. ఫోన్ చేసింది నేను కాదు."

"గొంతు నీదైతే ఫోన్ చేసింది ఇంకెవరమ్మా?" అంటూ ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత ఏదో కాగితం ఇచ్చి, సంతకం పెడితే రద్దుకు పంపిస్తానంది. నాయినమ్మ వేలిముద్ర వేసింది. వేస్తున్నంతసేపూ నా వైపే చూసింది.

బయటికి వచ్చాక అడిగింది. "నువ్వు గాదా బిడ్డా?"

"కాదు నాయినమ్మా."

"మరి గా గొంతు?"

"నాదే. బ్యాంకోళ్లకు ఇచ్చిన."

"గొంతెట్ల ఇస్తవే?" అంది. తిట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మేనమామకు పిల్లను ఎట్ల ఇస్తారో, పొలం ఎట్ల ఇస్తారో ఆమెకు తెలుసు. గొంతు ఎలా ఇస్తారో తెలియదు. నాకూ తెలియదు, మొదటిరోజు తెర మీద ఏవో నిబంధనలు వస్తే చదవకుండా టిక్ కొట్టాను, అంతే.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మళ్లీ అడిగింది. "ఎర్ర గొర్రె ఈనిందని సెప్పిన గద. అది ఇన్నదా?"

"లేదు నాయినమ్మా. అది ఇనదు. మాట్లాడుతది, అంతే."

"నువ్వు ఇన్నవనుకున్న" అంది. మాడుగులపల్లి బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, ఫోన్ తీసి ఒకసారి చూసుకుని, మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం మీటింగ్‌లో వినయ్ సార్ చాలా హుషారుగా ఉన్నాడు. "అందరూ స్రవంతిని అభినందించండి. తన వాయిస్‌కి రెస్పాన్స్ అదిరిపోయింది." మళ్లీ పచ్చరంగు చేతులు.

"సార్, ప్రాక్టీస్ అన్నరు. మా నాయినమ్మకే పోయింది సార్. ఆమె నేననుకొని నొక్కింది. నా గొంతు తీసేయండి."

ఆయన నవ్వాడు. "మీ నాయనమ్మకే కనెక్ట్ అయిందా? ఇంతకంటే మంచి ఫీడ్‌బ్యాక్ ఏముంటుంది!"

"ముసలోళ్లను మోసం జేస్తున్నరు సార్ మీరు. నా నోటితోటి జేస్తున్నరు."

"ఎమోషనల్ అవ్వకు. పర్మిషన్ నువ్వే ఇచ్చావు, రికార్డింగ్ బ్యాంకుది. ఇంకో వారం ఆగితే డిస్టింక్షన్ సర్టిఫికెట్ ఇప్పిస్తా. వెళ్లిపోతానంటే నీ ఇష్టం. వాయిస్ మాత్రం నడుస్తూనే ఉంటుంది."

ఆ నల్లని గడి వైపు చూశాను. ముఖం లేదు, పేరు మాత్రం ఉంది. ఉమ్మేద్దామంటే అది నా ఫోన్ మీదే పడుతుంది. గోడకు కట్టిన దుప్పటి లాగి పారేసి, మీటింగ్ లోంచి బయటికి వచ్చేశాను. సర్టిఫికెట్ పోయింది. ఆఖరి ఏడాది ఏమవుతుందో కాలేజీకి పోయి అడగాలి. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నెల తిరక్కముందే నాయినమ్మ ఖాతాలో డబ్బు వెనక్కి పడింది. రద్దు కాగితం మీద రాసిన నా నంబరుకు మెసేజ్ వచ్చింది, చివర మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు అని కూడా ఉంది. థూ.

డబ్బు పడిందని చెప్పడానికి ఆ రోజు గొర్రెలు దొడ్లోకి చేరే వేళకు నాయినమ్మకు ఫోన్ చేశాను. మిర్యాలగూడ నుంచి వచ్చాక ముఖం చెల్లక రోజూ చేయలేదు, చేసిన నాలుగైదుసార్లూ ఆమె ఎత్తలేదు, ఎండకు పడుకుందేమో, గొర్రెల వెంట ఉందేమో అనుకున్నాను. ఈసారి ఎత్తింది. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. కొత్తగా పుట్టిన పిల్లల గొంతులు కూడా సన్నగా వినిపిస్తున్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమెతో మాట్లాడే తీరు నాకు ఇంకొకటి రాదు.

"మంచిగున్నవానే నాయినమ్మా? తిన్నవా? జీవాలు..."

అవతల ఆమె ఫోన్ చెవి నుంచి దూరం జరిపినట్టుంది, పక్కనున్న ఎవరితోనో అంటోంది.

"గదే మల్ల."

ఎర్ర బటన్ నొక్కేసింది.