మిగిలింది పుస్తకంలో

పల్లవి అయింది, ఒక చరణం అయింది, వెంకటనర్సు టక్కున నోరు మూసుకున్నాడు. కాజీపేట ప్యాసింజరు మూడో తరగతి పెట్టెలో జనం ఇంకా తలలాడిస్తూనే ఉన్నారు. పాటల పుస్తకాలమ్మేవాడెవడూ రెండో చరణం పాడడు. పాడితే పుస్తకం ఎవడు కొంటాడు? "మిగిలింది పుస్తకంల ఉన్నది" అని చంకలోని కట్ట పైకెత్తాడు.

చైనాతో యుద్ధం వచ్చిన మరుసటి సంవత్సరం అది. అట్టమీద జెండా పట్టుకున్న సిపాయి. లోపల రెండు పుటలు దాటితే దేశభక్తి ఖతం, తక్కినవన్నీ కన్నుగీటే ప్రేమపాటలే. జవాన్ల పాట కళ్ళు మూసుకుని విన్న పెద్దమనిషే, పుస్తకం చేతికి రాగానే వేలు తడిచేసుకుని వెనక పుటల్లోకి పోయేవాడు. థూ అనిపించేది వెంకటనర్సుకు. మగ్గం కూడు పెట్టక పట్టిన పని ఇది. బొగ్గునుసికి గరగరలాడే గొంతు, పదహారేళ్ళ చెమటలో మగ్గిన కోటు, వక్క గారపట్టిన పళ్ళు, తనదంటూ ఉన్నదంతా అతనికి అసహ్యమే.

"ఓ నర్సన్నా, గా పుట్టి పాట అందుకోరాదు" అన్నాడు మేకల బేరానికి పోతున్న గుర్వయ్య, మూలనుంచి పళ్ళికిలిస్తూ.

వెంకటనర్సు పైకెత్తిన కట్టను మళ్ళీ చంకలోకి దించుకున్నాడు. ఆ పాట అతని భార్య ఆండాళుది. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషి. ఆలేరుకు కాపురానికి వస్తూ ఆ పాటను వెంట తెచ్చుకుంది, మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాడుకునేది. పుట్టి, అదే గుండ్రటి తోలుపడవ, వేసుకుని ఏరు దాటినవాడు పొద్దుగూకినా రాకపోతే, ఒడ్డున దీపం పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి పాట. ఆరు నెలల కిందట పట్నంలో ప్రెస్సాయన పుటలో జాగా మిగిలింది, ఏదన్నా పాట చెప్పమంటే, వెంకటనర్సు మురిసిపోయి ఇదే రాయించాడు. అచ్చయ్యాక చూస్తే మొదటి చరణం ఒక్కటే ఆండాళుది. కింద దీపం లేదు. దాని చోట రవికె ముడులు, ఛీ, ఇంట్లో అనదగని మాటలు వచ్చి కూర్చున్నాయి. కట్టలు ఆయన ముఖాన కొట్టి రావలసింది. కొట్టలేదు, నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నాడు. అన్ని పుస్తకాలకన్నా అదే ఎక్కువ అమ్ముడుపోయింది. అడిగితే చాలు, అలవాటు తప్పి ఆ చరణాలు కూడా పాడి వినిపించేవాడు. ఇవాళా పాడాడు. పెట్టె అంతా ఈలలు వేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి, బడిలో చదువు చెప్పే పక్కింటి మంజులత ఆండాళుకు గంజి తాగించి లేస్తోంది. దవాఖానవాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి నెలన్నర దాటింది. మంచంలో మనిషి ఉన్నట్టే లేదు.

"ఇగో, జర పుట్టి పాట పాడరాదు" అంది ఆండాళు. "నాకు సగమే యాదికొస్తాంది. ఆఖరుదాంక పాడు."

పాడాడు. పల్లవి, ఒక చరణం. అలవాటుకొద్దీ నోరు మూసుకుపోయింది. ఆమె కళ్ళు తెరిచి ఎదురుచూస్తోంది. దీపం ఉన్న చరణం కోసం వెతికాడు. నాలుక మీదికి రవికె ముడులే వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అవే. ఆ నాలుకను కోసి పారేయాలన్నంత రోత పుట్టింది.

"యాదికొస్తలేదా?"

"గొంతు బాగలేదు ఆండాళూ. రేపు పాడుత."

"మంచిది" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లవారి మంజులత గంజి తెచ్చి పిలిస్తే పలకలేదు.

కాటి దగ్గర అంతా అయ్యి ఇంటికొచ్చాక పక్క తీస్తుంటే, తలగడ కింద అతను అమ్మే పుస్తకమే కనబడింది. ఆండాళుకు అక్షరం ముక్క రాదు. అతను మంజులత వైపు చూశాడు.

"నెల కిందనే తెమ్మన్నది చిన్నాయినా" అంది ఆ పిల్ల తల దించుకుని. "పుట్టి పాట మూడుసార్లు సదివిచ్చుకున్నది. తన పాట యాడిదాంక ఉన్నదో ఏలు పెట్టి సూపియ్యమన్నది. మీకు చెప్పొద్దన్నది."

వెంకటనర్సు పుస్తకం తెరిచాడు. ఆ పుటలో, మొదటి చరణం అయిపోయిన చోట, కండె దారం పోగు ఒకటి అడ్డంగా పెట్టి ఉంది.